ఈనకముందు నెలంతా కాల్షియం పోసినా బర్రె ఎందుకు పడిపోయింది?

మీరు అడిగింది ఇదీ: మూడో ఈత ముర్రా బర్రె. ఈనకముందు నెల రోజులు పూటపూటకూ కాల్షియం టానిక్ పోశారు. ఈనిన తెల్లారే కాళ్లు ముడుచుకొని పడిపోయింది. డాక్టరేమో కాల్షియం తగ్గింది, ఇది పాల జ్వరమన్నాడు. అంత పోస్తే ఎట్లా తగ్గుతుంది?

నన్నడిగితే సగం తప్పు ఆ టానిక్‌ది, మిగతా సగం మీరు వేసే పచ్చిగడ్డిది.

మన ఊరి చెరువు లెక్కన చూడండి. ఒంట్లో ఉన్న కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే ఉంటుంది. అది చెరువు. రక్తం కాలువ. కాలువలో పారేది చాలా తక్కువ, పెద్ద పశువు రక్తం మొత్తంలో కలిపినా 3 గ్రాముల చిల్లర. తూము ఎత్తే నీరటి మెడలో థైరాయిడ్‌ను అంటుకొని ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు. రక్తంలో కాల్షియం కాస్త దిగిందంటే అవి పారాథైరాయిడ్ హార్మోన్ వదులుతాయి. ఆ హార్మోన్ మూత్రంలో పోయే కాల్షియాన్ని మూత్రపిండాల దగ్గరే ఆపుతుంది, అది నిమిషాల పని. విటమిన్ డిని పనిచేసే రూపంలోకి మార్చమని వాటికే చెబుతుంది. అప్పుడు పేగులు మేతలోని కాల్షియాన్ని ఎక్కువగా లాగుతాయి, దానికి ఒక రోజు పడుతుంది. ఎముకల నుంచి కాల్షియం పూర్తిస్థాయిలో రావాలంటే దాదాపు రెండు రోజులు. కాల్షియం ఎక్కువైనప్పుడు థైరాయిడ్ నుంచి వచ్చే కాల్సిటోనిన్ తూము దించుతుంది.

ఇప్పుడు ఈనిన రోజుకు రండి. ఆవు జున్నుపాలలో కిలోకు 2 గ్రాములు దాటి కాల్షియం ఉంటుంది. 10 లీటర్లు పిండితే 20 గ్రాములకు పైనే పోయినట్టు. కాలువలో ఉన్నదే 3 గ్రాములు! నెల రోజులు పైనుంచి టానిక్ కుమ్మరిస్తుంటే నీరటికి పనేముంది? పొద్దూకులూ పండుకున్నాడు. ఈనిన రాత్రి లేపితే లేచి తూము తీసేసరికి రెండు రోజులు గడిచాయి, ఆలోపే బర్రె పడింది.

ఇక పచ్చిగడ్డి. యూరియా, పెంటదిబ్బ ఎరువు దండిగా తిన్న సూపర్ నేపియర్‌లో పొటాషియం ఎక్కువ. పొటాషియం ఎక్కువైతే రక్తం క్షార గుణానికి మళ్లుతుంది, అప్పుడు హార్మోన్ వచ్చినా మూత్రపిండాలూ ఎముకలూ సరిగ్గా మాట వినవు. మెగ్నీషియం తక్కువైతే అసలు హార్మోనే సరిగా రాదు. ఇవి రెండూ టానిక్ డబ్బా మీద రాయరు. గ్లాసెడు పాలు ఎక్కువిస్తుందని మాత్రం పెద్దక్షరాల్లో రాస్తారు.

పడ్డ పశువును దగ్గరికెళ్లి చూడండి. మెడ వంకర తిరిగి తల డొక్క మీదికి వాలుతుంది. చెవులు చల్లగా, మూతి పొడిగా. పాల జ్వరమని పేరే గానీ జ్వరం ఉండదు, ఒళ్లు మామూలు కంటే చల్లబడుతుంది. పేరు చూసి జ్వరం సూది వేయించేవాళ్లున్నారు. అంతకంటే చెడ్డపని, పడ్డదాని నోట్లో బెల్లం నీళ్లో టానికో పోయడం. మింగే శక్తి ఉండదు, ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా పడుతుంది. గడ్డి కట్టలు ఆనించి రొమ్ము మీద కూర్చోబెట్టండి, కింద వరిగడ్డి మందంగా పరవండి, మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చండి, పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి.

డాక్టరు మెడ నరానికి కాల్షియం బోరోగ్లూకోనేట్ 450 మిల్లీలీటర్ల సీసా ఎక్కిస్తారు. సీసా ఒంటి వేడికి వచ్చాక, పదిహేను ఇరవై నిమిషాలు మెల్లగా, గుండె చప్పుడు వింటూ. తొందరపడి జారవిడిస్తే గుండె తప్పుతుంది, కొట్టంలోనే ప్రాణం పోతుంది. సీసా సగం కాగానే ఒళ్లు వణుకుతుంది, తేన్పు వస్తుంది, పేడ వేస్తుంది, మూతి మీద చెమట ముత్యాలు లేస్తాయి. లేచింది కదా అని ఆ పూటే పొదుగు ఖాళీ చేయకండి. దూడకు సరిపడా మాత్రమే పిండండి, ఒకటి రెండు రోజులు అంతే. పూర్తిగా పిండితే మళ్లీ పడుతుంది, నూటికి పాతిక ముప్పై తిరగబెడతాయి.

వచ్చే ఈతకు చివరి మూడు వారాలు టానిక్ ఆపేయండి. నేపియర్ తగ్గించి మక్క చొప్ప పెట్టండి. మెగ్నీషియం ఉన్న మినరల్ మిక్స్చర్ ఆపొద్దు. డాక్టరు చెప్పిన మోతాదులో అమ్మోనియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ లాంటి లవణాలు దాణాలో కలిపితే రక్తం ఆమ్ల గుణానికి మళ్లుతుంది. మూత్రంలో పీహెచ్ కాగితం ముంచితే 8 దగ్గరుండేది 6, 6.8 మధ్యకు దిగాలి. ఆ లవణాలు చేదుగా ఉంటాయి, పశువు దాణా తినడం తగ్గిస్తే మోతాదు తగ్గించండి. ఈనే తేదీ కచ్చితంగా తెలిస్తేనే కోటి యూనిట్ల విటమిన్ డి3 సూది, రెండు నుంచి ఎనిమిది రోజుల ముందు. లెక్క తప్పిందని మళ్లీ మళ్లీ వేయిస్తే సున్నం గుండెలో, రక్తనాళాల్లో పేరుకుంటుంది.

టానిక్ కాదు, నోటికి ఇచ్చే కాల్షియం జెల్ ఉంటుంది. అది ఈనగానే ఒకసారి, పన్నెండు గంటలకు మరొకసారి, నిలబడ్డ పశువుకే. ఈనిన కొన్ని వారాల్లో మూత్రం కాఫీ రంగులో వస్తే మాత్రం అది ఫాస్ఫరస్ తక్కువైన జబ్బు. దానికి ఈ కాల్షియం సీసా పనికిరాదు.