మీ చాకిరీ వాళ్ల కంట పడాలంటే...

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నాకు 29 ఏళ్లు. బాబుకి నాలుగున్నరేళ్లు, పాపకి 14 నెలలు. పెళ్లికి ముందు ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసేదాన్ని. మావారు పైడిభీమవరం వైపు ఫార్మా కంపెనీలో షిఫ్టులు చేస్తారు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. తెల్లారి లేచింది మొదలు నడుం వాల్చే తీరిక ఉండదు. ఆదివారం కోడికూర కూడా అందరూ తిన్నాక, అడుగున చల్లారిన పులుసుతోనే తింటాను. అయినా మావారు 'ఇంట్లో ఖాళీయే కదా' అంటారు. మొన్న బాబు కూడా 'నాన్న మంచోడు, అమ్మ అరుస్తాది' అన్నాడు. ఆ రాత్రంతా ఏడ్చాను. నా విలువ ఇంతేనా?

జవాబు: అమ్మా, ముందు బాబు మాట సంగతి చూద్దాం. పళ్లు తోమించేది, చోడిపిండి జావ పట్టుకుని వెంటపడేది, ఫోన్ లాక్కునేది, పడుకోమనేది మీరు. నాన్న షిఫ్టు దిగి వచ్చేసరికి ఆ గొడవలన్నీ అయిపోయి ఉంటాయి. ఎంత కోపం చూపించినా అమ్మ ఎక్కడికీ పోదన్న ధీమా ఉంటుంది పిల్లలకి. అందుకే అమ్మ మీదే విరుచుకుపడతారు. జ్వరమొస్తే వాడు ఎవరి కొంగు పట్టుకుంటాడో మీకు తెలియనిది కాదు.

ఇక 'ఖాళీ' అన్న మాట. 2024లో కేంద్రం చేసిన సర్వే ప్రకారం ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు, మగవాళ్లు 88 నిమిషాలు. పిల్లల్ని చూసుకోవడం ఈ లెక్కలోకి రాదు, అది వేరే పద్దు. ఈ అంకెలతో ఆయన మీద వాదనకి దిగమని కాదు. మీ కష్టం మీద మీకే అనుమానం రాకూడదని చెప్తున్నాను.

ఇంటిపని సవ్యంగా జరిగినన్నాళ్లూ ఎవరికీ కనపడదు. కాబట్టి మెచ్చుకోలు దానంతట అదే వస్తుందని ఎదురుచూడకండి, పనినే ఆయన చేతిలో పెట్టండి. షిఫ్టు దిగి అలసిపోయి వచ్చినప్పుడు కాదు, వీక్లీ ఆఫ్ ముందురోజు నెమ్మదిగా చెప్పండి. 'నేనంటే లెక్కలేదు మీకు' అంటే అది గొడవై కూర్చుంటుంది. 'రేపు సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా పిల్లలిద్దరూ మీ దగ్గరే. స్నానం, తిండి అన్నీ మీరే చూడాలి, అత్తయ్యగారికి అప్పగించొద్దు' అనండి. చెప్పి బయటికి వెళ్లండి. అరసవల్లి గుడికో, పాత కొలీగ్ ఇంటికో మీ ఇష్టం. గంటకోసారి ఫోన్ చేయకండి. తిరిగొచ్చాక పాపకి గౌను వెనకది ముందుకి తొడిగి ఉన్నా ఏమీ అనకండి. తప్పులు పట్టారంటే వచ్చే వారం 'నువ్వే చేసుకో' అని తప్పుకుంటారు. ఒక్కసారికి మార్పు రాదు, నాలుగైదు వారాలు పట్టు వదలకండి.

అత్తయ్యగారిని ఒకసారి అడిగి చూడండి, 'మీ పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఎలా నెగ్గుకొచ్చారు?' అని. ఆవిడకీ ఆ రోజుల్లో ఎవరూ ఓ మంచి మాట అని ఉండరు. ఆ ఒక్క ప్రశ్నతో మీవైపు తిరిగిన అత్తగార్లను నేను చూశాను.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆ ఏడుపు. రోజూ ఏడుపు రావడం, పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోవడం, ఏదీ ఇష్టం లేకపోవడం రెండు వారాలు దాటి ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ కూడా మనిషిని ఇలాగే పీల్చేస్తాయి, ఆ పరీక్షలు చేయించండి. చచ్చిపోవాలనో, పిల్లల్ని ఏమైనా చేయాలనో ఆలోచన వస్తే ఒక్క గంట కూడా ఆగొద్దు. వెంటనే ఇంట్లోవాళ్లకి చెప్పండి, మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. రాత్రీపగలూ ఉచితమే, తెలుగులో మాట్లాడతారు.

ఈ ఆదివారం కూర దించగానే మీ ముక్కలు మీ కంచంలోకి తీసిపెట్టుకోండి. పాపని ఆయన ఒళ్లో కూర్చోబెట్టి, అందరితోపాటే వేడివేడిగా తినండి.