కారుకి రెక్కలు కట్టే ముందు

చిరంజీవి కిశోర్‌కి మామయ్య ఆశీస్సులు.

మైలేజీ పెరుగుతుందని కారు వెనక బిగిస్తానంటూ నువ్వు పంపిన స్పాయిలర్ రెక్క ఫొటో చూశాను. అందంగానే ఉంది, కానీ మైలేజీ కోసమైతే వద్దు. అంత పెద్ద రెక్క పని బండి వెనక భాగాన్ని రోడ్డుకి అదిమి పట్టడం. ఆ అదుముడికి కాలేది నీ పెట్రోలే.

అసలు నువ్వు తిరిగేది ఎక్కడ? విశాఖలో ఎన్ఏడీ జంక్షన్ నుంచి మద్దిలపాలెం దాకా సిగ్నళ్ల మధ్య పాకే బండిని గాలి పెద్దగా పట్టించుకోదు. ఆనందపురం దాటి శ్రీకాకుళం వైపు హైవే ఎక్కితేనే దాని ప్రతాపం తెలుస్తుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న గాలి నిరోధం 90కి వచ్చేసరికి 2.25 రెట్లవుతుంది. 90లో పోయేవాడివి 80కి దిగితే అందులో ఐదో వంతు పోతుంది. టాప్ మీద క్యారియర్ ఉంటే అదీ విప్పెయ్. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు.

ఇంకా చెయ్యాలనే ఉంటే కత్తెర పట్టే ముందు ఊలు దారం కొను. బెత్తెడేసి ముక్కలు కోసి బంపర్ పక్కలా, వెనకద్దం మీదా, డిక్కీ మీదా టేపుతో అంటించు. పొద్దున్నే, సముద్రపు గాలి లేవకముందే హైవే మీదికి పోండి. పక్క బండిలో కూర్చున్నవాడెవడైనా వీడియో తీయాలి, నడిపేవాడు కాదు. దారం బాడీకి అంటుకుని వెనక్కి పడుకుంటే అక్కడ గాలి సాఫీగా పోతున్నట్టు. గిరగిరా కొట్టుకుంటే అక్కడ గాలి బాడీని వదిలేసినట్టు. చూశాక ఎక్కడ పని ఉందో నీకే తెలుస్తుంది.

నన్నడిగితే కారు అడుగుని నున్నగా మూయడంతో మొదలుపెట్టు. ఎలక్షన్ బోర్డులకి వాడే సన్‌ప్యాక్ ప్లాస్టిక్ షీట్ చాలు, తేలిక, వంగుతుంది. ముందు బంపర్ నుంచి ఇంజిన్ కిందుగా వెనక్కి పరిచి, పెంకుల కప్పులాగా ముందు షీటు అంచు వెనక షీటుకి కింద ఉండేలా అమర్చు. లేకపోతే గాలి సందులో దూరి మొత్తం పీకేస్తుంది. బోల్టులు స్టెయిన్‌లెస్‌వే, కింద వెడల్పు వాషర్లు. మన ఉప్పుగాలికి మామూలు ఇనుము ఎన్నాళ్లు ఆగుతుందో నీకు చెప్పక్కర్లేదు. సైలెన్సర్ దగ్గర ప్లాస్టిక్ పెట్టావంటే కరిగిపోతుంది, అక్కడ ఎడం వదిలి అల్యూమినియం రేకు వెయ్యి. ఆయిల్ దింపడానికి దారి, వాన నీళ్లు పోవడానికి కంతలు ఉంచు.

ముందున్న గ్రిల్ జాలీ మూయాలంటే సగమే మూయి, మే నెలలో అదీ తీసెయ్. రేడియేటర్ ముందు ఏసీ వేడిని వదిలే కండెన్సర్ ఉందని, దానికీ గాలి కావాలని గుర్తుంచుకో. వీల్ కవర్లు పెడితే అరకు ఘాట్‌కి వెళ్లేటప్పుడు విప్పాలి, దిగేటప్పుడు బ్రేకులకి గాలి ఆడాలి.

వెనక తోక పొడిగించే ఆలోచన మాత్రం మానుకో. లైట్లు, నంబర్ ప్లేటు మూసుకుపోతాయి. పైగా అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 2019 సవరణలో ఉంది. ఏది బిగించినా ముందు ఆర్టీవో ఆఫీసులో కనుక్కో.

ఒక్క ట్యాంకు లెక్క చూసి సంబరపడకు. షీట్లు విప్పి ఒకసారి, బిగించి ఒకసారి, అదే రూటు, అదే బంకు, టైర్లలో అదే గాలి. తేడా లేకపోతే షీట్లు అటకెక్కించు.

ఆదివారం వస్తే జాకీ స్టాండులు కూడా తెచ్చుకో. ఉత్త జాకీ మీద లేపిన కారు కిందికి నిన్ను దూరనివ్వను.

మామయ్య