హారం తాకట్టు పెట్టి విరాళమా?

ప్రశ్న: గుంటూరులో ప్రైవేటు కాలేజీ లెక్చరర్‌ని. జీతం 62 వేలు, పిల్లల ఫీజులతో కలిపి నెల ఖర్చు 54 వేలు. మంగళగిరి దగ్గర వృద్ధాశ్రమం నడిపే ఒక ట్రస్టు కొత్త భవనం కడుతోంది. నిర్వాహకుడు పదేళ్లుగా తెలుసు. మా ఆవిడ హారం, గాజులు బ్యాంకులో పెట్టి 3 లక్షలు ఇద్దామనుకుంటున్నాను. సగం నగదుగా ఇమ్మన్నారు, విరాళాలకు మినహాయింపు ఇచ్చే 80జీ సెక్షన్ కింద పన్ను కలిసొస్తుందన్నారు. ట్రస్టుల మీద రకరకాల వార్తలు వస్తున్నాయి కదా, నమ్మొచ్చా? పొదుపు ఖాతాలో 35 వేలు ఉన్నాయి.

జవాబు: మీరు అడిగింది ట్రస్టు గురించి. నాకు టెన్షన్ పెట్టింది మీ చివరి వాక్యం. ఒక్క నెల జీతం పడకపోతే ఇరయ్యో తారీఖుకే చెయ్యి చాచాలి. ప్రైవేటు కాలేజీల్లో వేసవి జీతాల సంగతి మీకు నేను చెప్పాలా? మంచి పనికే కదా అని అప్పు చేసి ఇచ్చేవాళ్లు నా దగ్గరకు తరచూ వస్తుంటారు, అందుకే కాస్త గట్టిగా రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. నాకు తెలిసిన రెండు కుటుంబాలది అక్కడ ఒకే వీధి. ఒకాయన విడిగా దాచిన లక్షన్నర తీసి బండి ఇంజను విప్పించుకున్నాడు, ఫ్రిజ్ మార్చాడు, పది రోజుల్లో తెరిపిన పడ్డాడు. రెండో ఇంట్లో బంగారం అప్పటికే కుదువలో ఉంది. గోడలకు బురద చారలు ఆరకముందే ఆ వరండాలో కూర్చుని నూటికి మూడు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసిచ్చారు.

అత్యవసర నిధిగా ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. మీకు అది 3.24 లక్షలు. ఇవ్వాలనుకున్న విరాళం దాదాపు అంతే! నెలకు మీకు మిగిలేది 8 వేలు. నూటికి రూపాయి వడ్డీ అనుకున్నా అందులో 3 వేలు బంగారం అప్పుకే పోతాయి, అసలు కదలదు.

పన్ను మాట వదిలేయండి. మీ జీతానికి కొత్త విధానంలో 2025-26కు పన్నే లేదు, ఆ విధానంలో 80జీ కూడా వర్తించదు. పాత విధానంలోనైనా నగదుగా ఇచ్చింది 2 వేలు దాటితే మినహాయింపు రాదు. సగం నగదు అన్న చోటే నేనైతే లేచి వచ్చేసేవాణ్ని.

ఇక నమ్మకం. ఇంగ్లండ్, వేల్స్‌లో సేవా సంస్థలను పర్యవేక్షించే ఛారిటీ కమిషన్ దీని మీద ఏళ్లుగా సర్వేలు చేస్తోంది. ఇచ్చిన డబ్బు అసలు పనికి చేరాలన్నది అక్కడి జనం ముఖ్యంగా కోరేది. మన దేశంలో ఇళ్ల నుంచి వెళ్లే విరాళాల్లో పెద్ద వాటా ధార్మిక సంస్థలకేనని అశోకా యూనివర్సిటీ అధ్యయనంలో తేలింది. హుండీలో వేసిన అలవాటేమో, లెక్క అడగాలంటే మనకు మొహమాటం. అడగండి. మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు చూడండి. భవనం కట్టే స్థలం ట్రస్టు పేరున ఉందా, నిర్వాహకుడి బావమరిది పేరున ఉందా? ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) తీయిస్తే తెలిసిపోతుంది. ఖాతా ట్రస్టు పేరున ఉండాలి. ఆశ్రమంలో ఎన్ని నెలల ఖర్చుకు డబ్బు చేతిలో ఉందో కూడా కనుక్కోండి. ట్రస్టులు ఏటా ఆదాయంలో 85 శాతం ఖర్చు చేస్తే చాలు, 15 శాతం దాచుకోవచ్చని ఆదాయపు పన్ను చట్టమే వెసులుబాటు ఇచ్చింది. ఆశ్రమానికే రేపటి బియ్యానికి నిల్వ కావాలంటే, మీ ఇంటికి అక్కర్లేదా?

ఆ 8 వేలలో 7,500 అత్యవసర నిధికి, 500 ఆశ్రమానికి, అదీ బ్యాంకు బదిలీ ద్వారానే. కాలేజీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, సొంతంగా ఒకటి తీసుకోండి. నిధి నిండడానికి మూడేళ్లకు పైనే పడుతుంది. పెద్ద మొత్తం మాట అప్పుడు చూద్దాం. ఈలోగా నగదు కుదరదని ఆయనకు చెప్పి, ఆయన ఏమన్నారో నాకు రాయండి.