మామూలు "రెడ్ ఇండియన్" ప్లాస్టిక్ బొమ్మల్ని అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన సెమినోల్ తెగ యోధులుగా మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, కానీ సెట్‌లోని అన్ని బొమ్మలూ పనికిరావు. గుర్రం మీదున్నవాళ్లనీ, ఈకల కిరీటం వీపు దాకా వేలాడేవాళ్లనీ పక్కన పెట్టేయండి. అది అమెరికా మధ్య మైదానాల తెగల వేషం. ఫ్లోరిడా చిత్తడిలో సెమినోల్‌లు ఎక్కువగా కాలినడకనే పోరాడారు. మోకాలి మీద కూర్చుని తుపాకీ గురిపెట్టిన 54 మి.మీ. బొమ్మ దొరికితే సగం పని అయిపోయినట్టే.

ముందు తల సంగతి చూడండి. వాళ్లు శాలువాను తలపాగాగా చుట్టేవారు. తల మీది ఈకల్ని పదునైన బ్లేడుతో కోసేయండి. ఆకురాయి వాడొద్దు, మెత్తని ప్లాస్టిక్ నూగు లేస్తుంది. ఎం-సీల్ నున్నటి ప్లాస్టిక్‌ను పట్టుకోదు కాబట్టి నెత్తి మీద అడ్డదిడ్డంగా గాట్లు పెట్టి, ఒక చిన్న పిన్ను సగం దించండి. రెండు ముద్దలూ సమంగా కలిపి, సన్నటి పట్టీగా సాగదీసి చుట్టి, గట్టిపడేలోపు తడి టూత్‌పిక్‌తో మడతలు గీయండి.

తుపాకీ వంగిపోయి ఉంటే వేడినీళ్లలో ముంచి, తిన్నగా చేసి, వెంటనే చన్నీళ్లలో పెట్టండి. రంగు వేసేముందు గిన్నెలు తోమే సబ్బుతో కడగాల్సిందే. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు మిగిలితే ప్రైమర్ పొలుసులుగా ఊడిపోతుంది. మొదట ఊడేది సన్నటి తుపాకీ గొట్టం దగ్గరే, అది వంగుతూ ఉంటుంది గనక.

ఇక బట్టలు. చాలామంది 1835 నాటి యోధుడికి రంగురంగుల ముక్కలు కుట్టిన చొక్కా వేస్తారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది! ఆ కుట్టు కుట్టుమిషన్లు వచ్చాక, 20వ శతాబ్దంలో స్థిరపడింది. అమెరికా సైన్యంతో జరిగిన రెండో సెమినోల్ యుద్ధానికి (1835–42) మోకాళ్ల దాకా పూల అచ్చు చొక్కా, నడుముకు అల్లిన పట్టీ, కాళ్లకు లెగింగ్స్ వేయండి. సెమినోల్ నాయకుడు ఒసియోలా 1837లో తెల్లజెండా కింద చర్చలకు వస్తే అమెరికా సైన్యం పట్టుకుంది. మరుసటి ఏడు, చనిపోవడానికి కొద్ది రోజుల ముందు, జార్జ్ కాట్లిన్ అతని చిత్రం గీశాడు. మెడలో మూడు వెండి నెలవంకలు కనిపిస్తాయి. రంగులకు దాన్నే ముందు పెట్టుకోండి.

దృశ్యం కట్టాలంటే ఓకీచోబీ సరస్సు యుద్ధాన్ని మించింది లేదు (1837 డిసెంబర్ 25). జకరీ టేలర్ నడిపిన అమెరికా సైన్యం బురదలో దిగబడుతూ రంపపుగడ్డి దాటి రావాలి. సెమినోల్‌లు ముందే తమ ఎదుటి గడ్డి కోసి, తుపాకులు ఆనించుకోవడానికి చెట్లకు గాట్లు పెట్టుకున్నారు. సైన్యంలో 26 మంది చనిపోయారు, 112 మంది గాయపడ్డారు. సెమినోల్ మృతులు 11 మందే.

మీ చెట్టు మానుకూ ఆ గాటు పెట్టి, తుపాకీ గొట్టం అందులో కూర్చునేలా బొమ్మను అతికించండి. సెట్‌తో వచ్చే శంకువు గుడారం మాత్రం అక్కడ పెట్టొద్దు. వాళ్లది గోడల్లేని, తాటి జాతి ఆకులు కప్పిన, నేలకు ఎత్తుగా అరుగున్న, చికీ అనే గుడిసె.