నీ దళం కాళ్ళ సంగతి చూడు

మాధవరం

అమ్మలూ,

అగ్నిపర్వతం పేలి లోకమంతా చలిలో మునిగిపోతే ఒక సైనిక దళం ఎలా బతికిందో నవల రాస్తున్నావని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. మిలటరీకి ఇంతమందిని పంపిన ఊళ్ళో పుట్టి ఆ బతుకు గురించి రాయబోతున్నావంటే గర్వంగా ఉంది. నువ్వు పంపిన మూడు అధ్యాయాలు చదివాక దిగులూ పట్టుకుంది. నీవాళ్ళు పేజీపేజీకీ తుపాకులు పేలుస్తున్నారు గానీ, ఒక్కడూ సాక్సులు మార్చుకోలేదు.

నువ్వు రాసినట్టు బూడిద పదేళ్ళు ఆకాశంలో నిలవదు, త్వరగానే రాలిపోతుంది. ఎండను ఆపేది గంధకపు వాయువు పైకెళ్ళి తయారయ్యే సన్నని తుంపర. అదీ రెండు మూడేళ్ళలో పలచబడుతుంది. 1815లో ఇండోనేసియాలో తంబోరా పేలితే, 1816లో యూరప్‌కి వేసవే రాలేదు. పంటలు పోయి జనం తిండిగింజల కోసం అల్లర్లకు దిగారు. నీకు పదేళ్ళ చలి కావాలంటే పర్వతాల్ని వరసగా పేల్చు. మంచు తింటే ఒంట్లో వేడి పోతుంది, కరిగించే తాగాలి. అందుకని తూటాలకంటే ముందు కిరోసిన్ లెక్క రాయి.

ఇక కాళ్ళు. 1984 నుంచి సియాచిన్‌లో శత్రువు తూటాలకంటే చలీ, మంచుచరియలే మనవాళ్ళను ఎక్కువమందిని తీసుకుపోయాయి. అక్కడ రోజూ బూట్లు విప్పి ఒకరి పాదాలు ఒకరం చూసుకునేవాళ్ళం. మా పోస్టులో ఒక కుర్రాడు మాత్రం "బాగానే ఉన్నా" అంటూ విప్పకుండా పడుకునేవాడు. వేళ్ళు మొద్దుబారాయని చెబితే కిందికి పంపేస్తారు, పోస్టులో ఒక మనిషి తగ్గుతాడు. అదీ వాడి బెంగ. కొన్నాళ్ళకు నొప్పి పోయింది, నయమైందనుకున్నాడు. నొప్పి పోయిందంటే కండ గడ్డకడుతోందన్నమాట! ఓ రాత్రి అందరూ పడుకున్నాక పాదాలు బుఖారీ పొయ్యికి ఆనించాడు. స్పర్శ లేని కాలు కాలినా తెలియదు. తెల్లారి సాక్సుతోపాటు తోలు ఊడొచ్చింది. వాతావరణం బాగోలేక హెలికాప్టర్ ఆలస్యమైంది, అది వచ్చేసరికి వేళ్ళు నల్లబడ్డాయి. గడ్డకట్టిన కాళ్ళను 37 నుంచి 39 డిగ్రీల నీళ్ళలో ఉంచాలి. అదీ మళ్ళీ గడ్డకట్టే భయం లేనప్పుడే. నడవక తప్పదంటే కరిగించకుండానే నడిపించాలి.

నీ లోకంలో హెలికాప్టరే లేదు కదా. అలాంటివాణ్ణి దళం మోయాలా, వదిలేయాలా? ఆ అధ్యాయం రాయి. నీ కెప్టెన్ గాయం దాచుకుని నవ్వుతూ నడిస్తే దాన్ని ధైర్యమన్నావు. చదివి కోపమొచ్చింది. నాన్న సెలవు పెట్టాల్సొస్తుందని జ్వరం సంగతి చెప్పకుండా బడికెళ్ళి, అక్కడ పడిపోయిన పిల్లవి నువ్వు. ఆ కెప్టెన్‌లో నువ్వే కనిపించావు తల్లీ. రాత్రిళ్ళు మేలుకుని రాస్తున్నావట, తలనొప్పి వస్తోందని మీ అమ్మకైనా చెప్పావా?

మిగతా అధ్యాయాలు పెద్దక్షరాల్లో అచ్చు తీయించి పంపు, ఫోన్లో చదవలేను. వైర్‌లెస్ సెట్ల గురించి చాలా చెప్పాలి. చలికి బ్యాటరీలు నిలవవు, చొక్కా లోపల పెట్టుకుని పడుకోవాలి. రెండో అధ్యాయంలో ఆ మాట చేర్చు.

నీ బాబాయ్