పసిపిల్లలతో వేసవిలో కొండల మీదికి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మాకు ఆరేళ్ల బాబు, రెండున్నరేళ్ల పాప ఉన్నారు. కిందటి వేసవిలో ఉక్కకు పిల్లలిద్దరికీ ఒళ్లంతా చెమటకాయలు పేలి రాత్రిళ్లు నిద్ర లేకుండా పోయింది. ఈ మే నెలలోనైనా నాలుగు రోజులు చల్లని చోట ఉండి రావాలని ఉంది. మావారు సొంత కారులో ఊటీ వెళదామంటున్నారు. ఇంత చిన్నపిల్లలతో కొండలేమిటని మా అత్తగారు వారిస్తున్నారు. వెళ్లవచ్చునా? ఎక్కడికైతే మంచిది?
– ఒక సోదరి, రాజోలు

జవాబు: తప్పకుండా వెళ్లవచ్చు, అమ్మా. అయితే మీ అత్తగారి భయంలో న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారేయకండి. చిన్నపిల్లల ప్రయాణాలు చాలావరకు చెడేది కొండ మీద కాదు, కొండకు వెళ్లే దారిలోనే. కోనసీమలో పుట్టిన పిల్లలకు కాలవగట్టు, ఏటిగట్టు తప్ప వేరే ఎత్తు తెలియదు కదా, వాళ్లను గంటల తరబడి కారులో కూర్చోబెట్టి తీసుకువెళ్లి చివర్లో ఘాట్ రోడ్డు మలుపులు తిప్పితే తట్టుకోలేరు.

ఇది నేను అనుభవించి చెబుతున్నాను. మా పెద్దమ్మాయికి ఆరో ఏడు నడుస్తుండగా విశాఖపట్నంలో కారు అద్దెకు మాట్లాడుకుని అరకు బయలుదేరాం. దారిలో ఆకలి అంటుందేమోనని పొద్దున్నే కడుపునిండా పూరీలు తినిపించాను. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కిన కాసేపటికే, అంతవరకు గలగలా మాట్లాడుతున్న పిల్ల ఒక్కసారిగా మౌనమైపోయింది, ముఖం పాలిపోయింది, పై పెదవి మీద చిరుచెమట పట్టింది. ఆ మూడూ వాంతికి ముందు వచ్చే గుర్తులని నాకప్పుడు తెలియదు. డ్రైవరు బండి ఆపడానికి చోటు చూసుకునేలోపే జరగవలసింది జరిగిపోయింది, మార్చవలసిన గౌనేమో డిక్కీలో అన్నిటికంటే అడుగునున్న పెట్టెలో ఉంది. ఆ రోజంతా పిల్ల మంచం దిగలేదు. మర్నాడు తిరిగి ఆ కారే ఎక్కాలనేసరికి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

చెవిలోపల ఉండే తూకపు అవయవం ఒంటి కదలికను కనిపెడుతుండగా, కళ్లు మాత్రం కదలని సీటునో చేతిలోని ఫోనునో చూస్తుంటే, ఆ రెండింటికీ పొత్తు కుదరక కడుపులో తిప్పుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు ఇది అరుదు, ఆ తరువాత పన్నెండేళ్ల దాకా ఎక్కువ. కనుక ఈ విషయంలో మీ పాపకంటే బాబును కనిపెట్టుకుని ఉండండి. ఘాట్ ఎక్కడానికి గంటన్నర ముందు రెండు ఇడ్లీలో కాస్త పెరుగన్నమో పెట్టండి, ఖాళీ కడుపూ మంచిది కాదు. ఫోను ఇవ్వకండి, అద్దం కొద్దిగా దించి ముందున్న దారినే చూడమనండి. వాంతి మాత్ర అవసరమనుకుంటే పిల్లల వైద్యుణ్ణి అడిగి బరువును బట్టి మోతాదు రాయించుకోండి. పెద్దల మాత్రను సగం చేసి ఇవ్వడం మన ఇళ్లలో మామూలైపోయింది కాని, అది ప్రమాదం.

ఇక ఊరి సంగతి. సముద్రమట్టం నుంచి వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి మే నెలలోనూ అక్కడ స్వెట్టరు కావాలి, చల్లదనంలో దానికి సాటి లేదు. కాని రాజోలు నుంచి అది వెయ్యి కిలోమీటర్లు దాటిన దారి, రానూ పోనూ నాలుగు రోజులు కారులోనే గడుస్తాయి. పైగా 2024 మే నుంచి అక్కడికి వెళ్లే బయటి వాహనాలకు ముందుగా ఈ-పాస్ తీసుకోవాలి. మే నెలలో పూల ప్రదర్శన ఉంటుంది కనుక జనసమ్మర్దం చెప్పనక్కరలేదు. పాపకు ఐదేళ్లు వచ్చాక చెన్నైలో రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారి మేట్టుపాళయంలో దిగి, అక్కడి నుంచి పళ్లచక్రాల మీద కొండెక్కే చిన్న రైలులో వెళ్లండి. అప్పుడు ఆ ప్రయాణం పిల్లలకు గుర్తుండిపోతుంది.

దగ్గర కదా అని మారేడుమిల్లి పేరు చెప్పేవాళ్లుంటారు. అడవి అందమైనదే కాని ఊరు అంత ఎత్తున లేదు, మే నెలలో అక్కడా ఉక్కపోతే. శీతాకాలానికి ఉంచుకోండి.

ఈ ఏటికి నా సలహా అరకు, అదీ రైలులో. అరకు లోయ ఎత్తు సుమారు 900 మీటర్లు, కనుక ఊటీ చలి ఆశించకండి. మే నెల మధ్యాహ్నాల్లో అక్కడా ముప్పై డిగ్రీలు దాటడం మామూలే. అయితే మన డెల్టాలోలాగా ఒంటికి చొక్కా అతుక్కుపోయే ఉక్క ఉండదు, పొద్దు వాలితే గాలి చల్లబడుతుంది, రాత్రి పిల్లలు దుప్పటి కప్పుకుని పడుకుంటారు. మీరు కోరింది ఆ నిద్రే కదా.

మొదటి రోజు రాజమహేంద్రవరంలో రైలెక్కితే మూడు మూడున్నర గంటల్లో విశాఖ చేరతారు. ఆ రాత్రి అక్కడే పడుకోండి, ఎందుకంటే అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు ఉదయం ఏడు లోపే కదులుతుంది. అరకు చేరడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. పెద్ద అద్దాల విస్టాడోమ్ పెట్టెలో సీట్లు వేసవిలో తొందరగా అయిపోతాయి. రైల్వే రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి కాబట్టి ఈ వారమే తేదీలు నిశ్చయించుకోండి. మామూలు రైళ్లలో ఐదేళ్లు నిండని పాపకు బెర్తు అడగకపోతే టికెట్ అక్కరలేదు, బాబుకు బెర్తు కావాలంటే పెద్దల చార్జీయే. రైలులో బాబు లేచి నిలబడవచ్చు, పాప మీ ఒళ్లో నిద్రపోవచ్చు, కావాలంటే మరుగుదొడ్డి ఉంది. ఆ దారిలో యాభైకి పైగా సొరంగాలున్నాయి. రెండోసారి మేము రైలులో వెళ్లినప్పుడు, మొదటి సొరంగంలో చీకటికి హడలి నా కొంగులో దూరిన మా అమ్మాయి, నాలుగో సొరంగం వచ్చేసరికి పెట్టెలోని పిల్లలందరితో కలిసి కేకలు పెట్టింది. దిగేదాకా కడుపులో తిప్పుతోందన్న మాటే లేదు.

అరకులో ఒకే బసలో మూడు రాత్రులు ఉండండి. రోజుకో ఊరు మారిస్తే పసిపిల్లలకు తిండీ నిద్రా రెండూ చెడతాయి. రోజుకు ఒక్క చోటే, అదీ ఉదయం పూటే చూడండి, మే నెలలో అక్కడ మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన రావడం కద్దు. పద్మాపురం తోటలో చిన్న రైలుంది, పిల్లలకు ఒక పూట గడిచిపోతుంది. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, తడికి జారుతాయి, బయట కోతుల బెడద కూడా ఉంది. పాపను మీవారు ఎత్తుకోవాలి, బాబు చెయ్యి మీరు వదలకూడదు. జలపాతాల దగ్గర ఎంత మారాం చేసినా పిల్లలను నీళ్లలోకి దించకండి, నాచు పట్టిన బండ మీద పెద్దవాళ్లకే కాలు నిలవదు.

చేతిసంచిలో రెండు జతల బట్టలు, తువ్వాలు, ప్లాస్టిక్ సంచులు, నిమ్మకాయ, అటుకులు, థర్మామీటరు, వైద్యుడు రాసిచ్చిన జ్వరం మందు ఉండాలి. ఓఆర్ఎస్ పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసుకు చిటికెడు చొప్పున వేయకూడదు. మన్యంలో మలేరియా ఉంటుంది కాబట్టి మడతపెట్టే దోమతెర తప్పనిసరి, సాయంత్రం కాగానే పొడుగు చేతుల చొక్కాలు తొడగండి.

మీ అత్తగారిని కూడా తీసుకువెళ్లండి. మీరు బాబుతో గుహలు చూసి వచ్చేలోపు పాపను ఆవిడ బసలో నిద్రపుచ్చగలరు.

ప్రశ్న: మా బంధువులు విమానంలో నేరుగా లేహ్ వెళుతూ మమ్మల్నీ రమ్మంటున్నారు. మా బాబుకు నాలుగేళ్లు. వెళ్లవచ్చునా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఈ ఏడు వద్దు, నాయనా. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది. సుమారు 2,500 మీటర్లు దాటిన దగ్గర నుంచి పల్చని గాలికి తలనొప్పి, వాంతులు రావచ్చు. సముద్రమట్టానికి ఇంచుమించు సమానంగా ఉన్న భీమవరం నుంచి బయలుదేరి, విమానంలో ఒక్క పూటలో అంత ఎత్తున దిగితే ఒంటికి అలవాటు పడే వ్యవధే ఉండదు. నాలుగేళ్ల పిల్లవాడికి తల నొస్తోందని చెప్పడం రాదు, ఊరికే పేచీ పెడతాడు, అన్నం తోసేస్తాడు. అలసట అనుకుని మనం ఊరుకుంటాం. ముదిరితే వెంటనే కిందికి దించడమే ప్రధాన చికిత్స, లేహ్ నుంచి మైదానాలకు రావాలంటే ఏ వైపు రోడ్డయినా దారిలో అంతకంటే ఎత్తైన కనుమలు దాటాలి. మనాలి 2,050 మీటర్లే కాబట్టి అక్కడ బస చేయవచ్చు. అయితే అక్కడి నుంచి 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమకు బాబును తీసుకువెళ్లకండి. మంచు చూడాలనుకున్న పెద్దవాళ్లు వెళ్లి వచ్చేదాకా ఒకరు బాబుతో బసలో ఉండండి.