పాత లీవర్ యాక్షన్ రైఫిల్ షాపులో కొనే ముందు ఏమేం చూడాలి? నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: పెన్సిల్వేనియాలో ఉంటున్నారు, గ్రీన్ కార్డు వచ్చింది, హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు అయిపోయింది, వచ్చే జింకల సీజన్‌కి ఊళ్లోని గన్ షాపులో పాత లీవర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరున్న లీవర్‌ని కిందికీ పైకీ ఆడించి తూటా ఎక్కించేది) ఒకటి తీసుకుందామనుకుంటున్నారు, కానీ చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి, ఏది మంచిదో ఎలా తెలుస్తుందని. నేనూ ఇదే రాష్ట్రంలో పదిహేడేళ్లుగా ఉంటున్నాను. రెండు కొన్నాను. మొదటిదాంతో దెబ్బతిన్నాను, రెండోది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది ఇక్కడే పొరపడతారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కొనొచ్చు. హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ కొనడానికి, దగ్గర ఉంచుకోవడానికి ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి, కానీ స్టేటస్‌తో ముడిపడిన విషయం కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఆ జోలికి పోవద్దు. మీకు గ్రీన్ కార్డు ఉంది కదా అని స్నేహితుడెవరైనా "డబ్బులు నేనిస్తా, నీ పేరు మీద కొనిపెట్టు బ్రో" అంటే అస్సలు ఒప్పుకోకండి. దాన్ని ఇక్కడ స్ట్రా పర్చేజ్ అంటారు, అది ఫెడరల్ నేరం. నన్ను ఒకతను అడిగాడు, కుదరదన్నాను, కొన్నాళ్లు మాట్లాడలేదు కూడా.

ఇక రైఫిల్. ఇక్కడి షాపుల్లో లీవర్ యాక్షన్‌లు ఎందుకు అన్నేసి ఉంటాయో తెలిస్తే కొనడం తేలికవుతుంది. పెన్సిల్వేనియాలో జింకల వేటకి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు, అంటే ఒకటి పేలగానే తర్వాతి తూటా దానంతటదే ఎక్కేవి, వాడనివ్వరు. దాంతో తరతరాలుగా చేత్తో తూటా ఎక్కించే బోల్టు, పంపు, లీవర్ రకాలే ఇంటింటా చేరాయి. 2019 ముందు వరకు సీజన్ థాంక్స్‌గివింగ్ తర్వాతి సోమవారం మొదలయ్యేది, ఆ రోజు చాలా ఊళ్లలో స్కూళ్లకి సెలవు ఇచ్చేవాళ్లు, ఇప్పుడు శనివారానికి మార్చారు. ఆ తరం పెద్దవాళ్లు పోయాక వాళ్ల తుపాకులు పిల్లలకి అక్కర్లేక షాపుకి వస్తాయి. అలా వచ్చిన రైఫిల్ ఏడాదికి కొద్ది రోజులు అడవిలో మోయబడి, ఒకటో రెండో తూటాలు పేలి, మిగతా కాలమంతా బీరువాలో ఉన్నదై ఉంటుంది. 20 తూటాల డబ్బా ఒక్కటి నాలుగైదేళ్లు వచ్చేదని మా పక్కింటి పెద్దాయన చెబుతుంటారు. అంటే బయట చెక్క గీసుకుపోయి, చెయ్యి పట్టిన చోట నల్లపూత పోయి తెల్లగా మెరుస్తున్నా, లోపల గొట్టం కొత్తదానిలా ఉండొచ్చు. తళతళలాడుతున్నదే లోపల పాడై ఉండొచ్చు కూడా.

నా విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. అక్టోబర్ చివర్లో, సీజన్ దగ్గర పడిందన్న టెన్షన్‌లో, ఒక షాపులో వించెస్టర్ 94 అనే లీవర్ యాక్షన్ రైఫిల్ చూశాను. పూత నిగనిగలాడుతోంది, చెక్కకి కొత్త పాలిష్. కౌంటర్‌లో ఆయన "కండిషన్ ఎక్సలెంట్" అన్నాడు, నేను గొట్టంలోకి చూడను కూడా చూడలేదు. రేంజ్‌కి తీసుకెళ్లి 100 గజాల దూరంలో కాలిస్తే గుళ్లు అన్నం పళ్లెమంత వెడల్పున చెల్లాచెదురుగా పడ్డాయి. తెలిసినవాళ్లకి చూపిస్తే అప్పుడు బయటపడింది: ఎవరో పైకి కొత్త పూత వేయించారు, లోపల తుప్పు తిన్న గుంటలున్నాయి, గొట్టం మూతి దగ్గర అంచు ఒకవైపు అరిగిపోయింది. వెనక్కి తీసుకోమంటే తీసుకోలేదు. 200 డాలర్లు నష్టానికి అమ్మేశాను. ఆ జింకల సీజన్ నాకు లేకుండానే గడిచిపోయింది, ఇప్పటికీ గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

మూతి ఎందుకు అరిగిందో కూడా చెబుతాను, ఇది చాలామంది చెప్పరు. వించెస్టర్ 94లో గొట్టాన్ని వెనక నుంచి శుభ్రం చేయడానికి దారి లేదు, రిసీవర్ (గొట్టం వెనక యంత్ర భాగాలుండే లోహపు పెట్టె) వెనక మూసుకుని ఉంటుంది. కాబట్టి ఊచని మూతి నుంచే దూర్చాలి, యాభై అరవై ఏళ్లు అజాగ్రత్తగా దూరిస్తే అంచు అరిగిపోతుంది, అక్కడ అరిగితే గురి పోతుంది. ఇంకో కంపెనీ లీవర్ రైఫిల్ మార్లిన్ 336లో అయితే లీవర్ దగ్గర ఒక్క స్క్రూ తీస్తే లీవర్, ఆ తర్వాత గొట్టాన్ని వెనక నుంచి మూసే బోల్టు బయటికి వచ్చేస్తాయి (ఖాళీ గుల్లని బయటికి తోసే ఎజెక్టర్ అనే చిన్న ముక్క జారి పడిపోతుంది, చూసుకోండి), వెనక నుంచే శుభ్రం చేయొచ్చు. నేను రెండోసారి మార్లిన్ వైపు మొగ్గడానికి ఇదొక కారణం. తూటా గుల్లని పక్కకి విసురుతుంది కాబట్టి పైన స్కోపు పెట్టుకోవడం కూడా సులువు. పాత 94లు పైకి విసురుతాయి.

రెండోది దొరికింది ఫిబ్రవరిలో. సీజన్ అయిపోయాక వెళ్లండి, రద్దీ ఉండదు, షాపువాళ్లకి మాట్లాడే తీరిక ఉంటుంది, ధరలోనూ కాస్త దిగుతారు. చిన్న ఊరు, చిన్న షాపు, వెనక గోడ దగ్గర ర్యాక్‌లో చివరన నిలబెట్టి ఉంది, ట్రిగ్గర్ గార్డుకి దారంతో ధర చీటీ కట్టి. ముందు చెక్క మీద ముళ్లకంచె గీసుకున్న గీతలు, పట్టుకునే చోట పూత పూర్తిగా పోయింది. ఈసారి నేను సిద్ధమై వెళ్లాను: జేబులో చిన్న టార్చి, స్క్రూడ్రైవర్, నాలుగు స్నాప్ క్యాప్‌లు, అంటే మందు లేని డమ్మీ తూటాలు. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడని అడిగి, ఆవిడ ఎదుటే లీవర్ తెరిచి ఛాంబర్, అంటే పేలే తూటా కూర్చునే చోటు, ఖాళీగా ఉందని ఇద్దరం చూసుకున్నాకే మొదలుపెట్టాను. షాపులో తుపాకి ఎప్పుడు చేతికిచ్చినా మీరూ తెరిచి చూడండి, మూతి ఎవరి వైపూ తిప్పకండి, అడగకుండా ట్రిగ్గర్ నొక్కకండి.

మొదట గొట్టం. బోల్టు తీయడానికి ఆవిడ ఒప్పుకుంది, వెనక నుంచి టార్చి వేసి మూతి వైపు నుంచి చూశాను. మెలి తిరిగిన గాడులు అద్దంలా మెరవాలి, అంచులు స్పష్టంగా కనబడాలి, నల్లటి చుక్కలు, గుంటలు ఉండకూడదు. షాపువాళ్లు బోల్టు తీయనివ్వకపోతే లీవర్ తెరిచి లోపల తెల్ల కాగితం ముక్క పెట్టి దాని మీద వెలుతురు పడేలా చేసినా సరిపోతుంది. కొంచెం మసి ఉంటే అడిగి గుడ్డ ఒకటి దూర్చమనండి, మసి పోతుంది, గుంటలు పోవు.

తర్వాత హ్యామర్, అంటే వెనక బయటికి కనబడే, ట్రిగ్గర్ లాగితే పడే సుత్తి లాంటి ముక్క. పూర్తిగా వెనక్కి లాగి, ట్రిగ్గర్ ముట్టకుండా బొటనవేలితో ముందుకి గట్టిగా నెట్టండి. పడకూడదు, పడితే అక్కడే పెట్టేసి వచ్చేయండి. హాఫ్ కాక్‌లో, అంటే హ్యామర్‌ని సగం మాత్రమే వెనక్కి లాగి ఆపే స్థితిలో, ఉంచి ట్రిగ్గర్ లాగినా పడకూడదు, ఎందుకంటే 1980ల ముందు వచ్చిన మార్లిన్‌లలో అడ్డంగా నొక్కే సేఫ్టీ బటన్ లేదు, హాఫ్ కాకే సేఫ్టీ. ఇక్కడ ఒక మాట, మార్లిన్ ట్రిగ్గర్ వదులుగా ఊగుతుంటే విరిగిందని భయపడకండి, దాని తయారీయే అలా ఉంటుంది. నేను మొదట కంగారు పడ్డాను, ఆవిడే నవ్వి చెప్పింది.

అన్నిటికంటే ముఖ్యం డమ్మీ తూటాలతో నడిపి చూడడం. పక్కనున్న గేటు నుంచి నాలుగూ ఎక్కించి, లీవర్‌ని మెల్లగా ఒకసారి, వేగంగా ఒకసారి ఆడించండి. ఒక్కొక్కటే పైకి రావాలి, లోపలికి పోవాలి, బయటికి దూకాలి. లీవర్ తగిలే చోట క్యారియర్ (తూటాని పైకి ఎత్తే ముక్క) అరిగితే రెండో తూటా ముందే జారి వచ్చి యాక్షన్ బిగుసుకుపోతుంది, మార్లిన్ జామ్ అంటారు దీన్ని. మేగజీన్ గొట్టానికి, అంటే తూటాలు వరుసగా ఉండే కింది గొట్టానికి, సొట్ట పడినా తూటాలు మధ్యలో ఆగుతాయి. వెనక చెక్క రిసీవర్‌ని కలిసే చోట వెంట్రుకంత పగులు ఉందేమో వెలుతురులో చూడండి, స్క్రూ తలలు చిదిమి ఉంటే ఎవరో చేతకాకుండా విప్పారని అర్థం.

ఎప్పటిది అన్నది కూడా చూడాలి. వించెస్టర్‌లలో 1964 ముందువాటికి విలువ ఎక్కువ, ఆ ఏడాది కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి తయారీ పద్ధతులు మార్చింది. ఆ తర్వాత కొన్నేళ్ల పాటు వచ్చిన రిసీవర్‌ల మీద పూత పెచ్చులుగా లేస్తుంది, మామూలు బ్లూయింగ్ (తుపాకులకి వేసే నల్లపూత) సరిగ్గా పట్టదు. అవి కూడా బాగానే కాలుస్తాయి, కానీ పాతదాని ధర ఇవ్వకండి. మార్లిన్ 336 వచ్చింది 1948లో. గొట్టం మీద రిసీవర్ దగ్గర్లో చిన్న వలయంలో జేఎం అని ముద్ర ఉంటే అది కనెక్టికట్‌లోని పాత మార్లిన్ ఫ్యాక్టరీ గొట్టం. రెమింగ్టన్ కొన్నాక తయారీ న్యూయార్క్‌కి మారింది, ఆ మొదటి ఏళ్లలో వచ్చినవాటి మీద వేటగాళ్ల ఫిర్యాదులు చాలా వచ్చాయి, అవి ప్రత్యేకంగా పరీక్షించి కొనండి. 2020లో రూగర్ కొన్నది, ఇప్పటి కొత్తవి వాళ్లవే. 1973 నుంచి ఆ పాత కనెక్టికట్ ఫ్యాక్టరీలో వచ్చిన మార్లిన్‌లకి సీరియల్ నంబర్ మొదటి రెండు అంకెల్ని 100లోంచి తీసేస్తే సంవత్సరం తెలుస్తుంది. నాది 24తో మొదలవుతుంది, అంటే 1976.

తూటా రకం గొట్టం మీద చదవండి. 30-30 అయితే ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, ఇక్కడి దట్టమైన అడవుల్లో 100 గజాల లోపు జింకకి చాలు. 35 రెమింగ్టన్ అని ఉంటే రైఫిల్ మంచిదే కానీ తూటాలకి తిరగాలి. ఇంకోటి, ప్రాణానికి సంబంధించింది: గొట్టపు మేగజీన్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ఒకదాని ముక్కు ముందుదాని ప్రైమర్‌కి (తూటా అడుగున దెబ్బ తగిలితే మందుని పేల్చే చిన్న మూత) ఆనుకుని ఉంటుంది. గట్టి మొన ఉన్న సూదిముక్కు తూటాలు వేయకూడదు, కుదుపుకి లోపలే పేలొచ్చు. చదును ముక్కువి గానీ, మెత్తని రబ్బరు లాంటి మొనతో లీవర్ గన్‌లకే చేసిన హార్నడీ లీవరెవల్యూషన్ లాంటివి గానీ కొనండి.

నేను ఇచ్చింది 560 డాలర్లు, చీటీ మీద 600 ఉంది. ఫారం 4473 అనే ఫెడరల్ కాగితం షాపులో నింపాలి, ఈ రాష్ట్రంలో బ్యాక్‌గ్రౌండ్ చెక్ స్టేట్ పోలీసులే చేస్తారు, దాన్ని పిక్స్ అంటారు. నాకు పావుగంట పట్టింది. మీకు గ్రీన్ కార్డు మీదున్న నంబర్ కూడా రాయాల్సి ఉంటుంది, తీసుకెళ్లండి. మన పేర్లతోనే చిక్కు: ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఇనీషియల్ మాత్రమే ఉంటే చెక్ ఆగే అవకాశం ఉంది. డ్రైవింగ్ లైసెన్స్, గ్రీన్ కార్డు ఒకేలా ఉన్నాయో లేదో, అడ్రస్ ఇప్పటిదేనో కాదో ముందే చూసుకుని వెళ్లండి.

ఇంట్లో పిల్లలుంటే రైఫిల్‌తో పాటు లాకరు కూడా అదే రోజు కొనండి, తూటాలు వేరే చోట తాళం వేసి పెట్టండి.

చివరిగా, వేటకి గానీ రేంజ్‌కి గానీ వాడిన బ్యాగుని ఇండియా ప్రయాణానికి వాడకండి. ఏదో అరలో ఒక్క తూటా మిగిలిపోయి హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ స్కానర్‌లో కనబడినా ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు, సెలవంతా పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. నేను ఆ బ్యాగుకి ఎర్ర రిబ్బను కట్టి గరాజ్‌లోనే వేలాడదీశాను, అది ఇంట్లోకి రాదు.